ఏడో తారీఖు పంచాది

వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద వర్ధన్నపేట ఉంటుంది. రోడ్డుకు అటూ ఇటూ విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణాలు వరసగా కనిపిస్తాయి. తొలకరికి ముందు ఆ దుకాణాల్లో నిలబడటానికి జాగా ఉండదు. సరుకు దించేవాళ్లు, గోదాములో లెక్క చూసేవాళ్లు, రైతు ఆకు పట్టుకొచ్చి చూపిస్తే ఏ మందు కొట్టాలో చెప్పేవాళ్లు అందరూ జీతగాళ్లే. వాళ్లలో నియామకపు కాగితం చేతిలో ఉన్నవాడు నాకు తెలిసినంతలో ఒక్కడూ లేడు.

కింది సంవాదంలో మాట్లాడే ఇద్దరూ కల్పితం. ఒకరు దుకాణదారు. ఇంకొకరు ఆయన భార్య తమ్ముడు, హన్మకొండలో వకీలు. వాళ్ల తగాదాకు కారణమైన గుమస్తా కూడా కల్పితమే. చట్టాలు, తీర్పులు, తేదీలు మాత్రం ఉన్నవే.

దుకాణదారు: రా బామ్మర్దీ, కూసో. ఛాయి తాగుతవా, నోటీసు చేతుల పెడ్తవా? మా గుమస్తా పిలగాడు నీ దగ్గరికి వచ్చిండని తెలిసింది.

వకీలు: ఛాయే తాగుత బావా. నోటీసు ఇంకా రాయలే. రాసే ముంగట నీ నోటితోటి ఒకసారి విందామని వచ్చిన. పదకొండేండ్లు చేసిన మనిషికి రెండు నెలల జీతం ఆపి ఇగ రావద్దంటివట.

దుకాణదారు: నేను రావద్దనలే. ఆయనే రాలే. ఐనవోలు జాతరకు రెండు రోజులు పోయొస్తనని చెప్పి పోయిండు, ఎనిమిది రోజులకు వచ్చిండు. తల్లికి పాణం మంచిగలేదట. ఒక ఫోనన్నా చెయ్యాలె గదా! వచ్చినంక అన్న, నీ అంతట నువ్వే నౌకరి ఇడిసిపెట్టుకున్నవు, ఇంకొకణ్ణి పెట్టుకున్న అని. గింతే జరిగింది.

వకీలు: ఆయనంతట ఆయనే తీసేసుకున్నడన్నట్టు.

దుకాణదారు: నవ్వకు. గా మాట నేను కనిపెట్టింది కాదు. 2019ల ఆర్టీసీ సమ్మె యాదికి లేదా? దసరా ముంగట మొదలైంది, 52 రోజులు నడిచింది. దగ్గర దగ్గర 48 వేల మందిని సర్కారే సెల్ఫ్ డిస్మిస్ అన్నది. ముఖ్యమంత్రి అన్న మాటను దుకాణపోడు అంటె నేరమా?

వకీలు: ఆఖరుకు ఏమైంది మరి? నవంబర్ ఆఖర్ల అందరూ డ్యూటీల చేరిర్రు. ఆ మాటకు చట్టంల జాగా లేదు బావా. 1993ల సుప్రీంకోర్టు డి.కె. యాదవ్ కేసుల తీర్పు చెప్పింది. ఒక కంపెనీ నిబంధనల్ల ఎనిమిది రోజులకు మించి రాకపోతె నౌకరి దానంతట అదే పోతదని రాసుకున్నరు. ఆ నిబంధన చూపించి మనిషిని అడగకుండనే తీసేసిర్రు. కోర్టు ఒప్పుకోలే. ఎందుకు రాలేదో చెప్పుకునే మోక ఇయ్యకుండ తీసెయ్యొద్దన్నది. మళ్ల పనిల పెట్టుకోమని, పోయిన జీతంల సగం ఇయ్యమని చెప్పింది. నువ్వు మా పిలగాణ్ణి అడిగినవా?

దుకాణదారు: అడిగేదేంది, మొకం మీద కనబడుతలేదా! కోపంల అన్న అనుకో. అయినా అది కంపెనీ ముచ్చట. నాది నలుగురు పనోళ్లున్న దుకాణం. ఫ్యాక్టరీల చట్టాలు తెచ్చి నా నెత్తిన రుద్దుతవేంది?

వకీలు: నీ మీద ఫ్యాక్టరీల చట్టం రుద్దుతలేను. నీ అసొంటి దుకాణాల కోసమే రాసిన చట్టం ఉన్నది. 1988 నాటి షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం. ఉమ్మడి రాష్ట్రంల చేసింది, తెలంగాణ వచ్చినంక మనది చేసుకున్నం. అండ్ల 47వ సెక్షన్ చూడు. ఆరు నెలలు ఒక్కతీరుగ పనిచేసినోణ్ణి సరైన కారణం లేకుండ తీసెయ్యొద్దు. తీసేస్తె నెల రోజుల ముంగట నోటీసియ్యాలె, లేదంటె నెల జీతమియ్యాలె. ఏడాది దాటినోడైతె ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన పరిహారం గూడ ఇయ్యాలె. తప్పు చేసిండంటవా, విచారణ జరిపి కాయితం మీద పెట్టు, అప్పుడు నోటీసు అక్కెర లేదు.

దుకాణదారు: ఏడాదికి పదిహేను రోజులా? పన్నెండు వేల జీతం... సగం ఆరు వేలు... పదకొండేండ్లకు అరవై ఆరు వేలా!

వకీలు: లెక్కల నువ్వు నాకంటె గట్టోనివి. ఆపిన రెండు నెలలు ఇరవై నాలుగు వేలు. నోటీసు కింద పన్నెండు వేలు. మొత్తం ఒక లక్షా రెండు వేలు.

దుకాణదారు: ఇగ నా లెక్క విను. ఆయన బిడ్డ పెండ్లికని అరవై వేలు ఇచ్చిన, మిత్తి లేకుండ. అండ్ల ఇంకా ముప్పై అయిదు వేలు రావాలె. గోదాముల పద్దెనిమిది వేల మందు డబ్బాలు తక్కువ వచ్చినయ్. తాళంచెవి ఆయన దగ్గరనే ఉండేది. దసరాకు ఇంటిల్లిపాదికి బట్టలు పెట్టిన. కరోనాల దుకాణం బంద్ ఉన్నప్పుడు సగం జీతం ఇంటికి పంపిన. ఇవన్ని ఏ సెక్షన్ల రాస్తవు?

(ఇక్కడ దుకాణదారు గొంతులో ఉన్నది నటన కాదు. వర్ధన్నపేటలాంటి ఊళ్లో యజమానికీ పనివాడికీ మధ్య నడిచేది జీతం ఒక్కటే కాదు. పెళ్లికి అప్పు, ఆసుపత్రికి కారు, పిల్లవాడి ఫీజు కూడా నడుస్తాయి. కార్మిక చట్టాల గురించి రాసేవాళ్లు చాలామంది ఈ సంగతి మీద మాట్లాడకుండా దాటేస్తారు. అందుకే వాళ్ల రాతలు దుకాణాల్లో ఎవరూ చదవరు.)

వకీలు: ఒక్కొక్కటి తీస్త. బట్టలు మనసుల కెళ్లి పెట్టినవి, లెక్కల రావు. అప్పు మాత్రం చట్టంల ఉన్నది. ఇచ్చిన అడ్వాన్సు జీతంలకెళ్లి పట్టుకునే హక్కు నీకున్నది, నేను కాదంటలేను. కాని పట్టుకోవడానికి హద్దున్నది. అన్ని కోతలు కలిపి ఆ నెల జీతంల సగానికి మించొద్దు. నువ్వు రెండు నెలలది మొత్తం మింగినవ్.

దుకాణదారు: మింగుడేంది, నా పైసలు నేను పట్టుకున్న!

వకీలు: డబ్బాల సంగతి చెప్త. కాపాడమని అప్పజెప్పిన సరుకు ఆయన నిర్లక్ష్యం వల్ల పోతె కోసుకోవచ్చు, అదీ పోయినంత మట్టుకే. కోసేముందు ఎట్ల పోయిందని ఆయనను అడగాలె, చెప్పింది వినాలె, కోసింది రిజిస్టర్ల రాయాలె. నీ దగ్గర రిజిస్టరున్నదా?

దుకాణదారు: స్టాకు రిజిస్టరున్నది. వ్యవసాయ అధికారి వచ్చి చూస్తడు గదా, లేకపోతె లైసెన్సు పోతది.

వకీలు: పనోళ్లది?

దుకాణదారు: వాళ్లది చిట్టా పుస్తకంల ఉంటది. ఎప్పుడెంత తీసుకున్నరో రాసుకుంట.

వకీలు: వాళ్ల దస్కతు?

దుకాణదారు: ...నమ్మకం మీద నడుస్తది బామ్మర్దీ.

వకీలు: మందు డబ్బాకు రిజిస్టరు, మనిషికి నమ్మకం! విను. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలుకు వచ్చినయ్. అండ్ల 2019ల పార్లమెంటు చేసిన వేతనాల కోడ్ ఒకటి. దాని 59వ సెక్షన్ నీ అసొంటోళ్లు ఫ్రేము కట్టించుకోవాలె. జీతం ఇయ్యలేదనో, తక్కువిచ్చిండనో పనోడు కేసు వేస్తె, ఇచ్చిన అని రుజువు చేసుకునే బరువు యజమాని మీదనే ఉన్నది. ఆయన ఊకుంటడు. కాయితం నువ్వు చూపియ్యాలె.

దుకాణదారు: ఇదెక్కడి న్యాయం? కేసు వేసినోడు రుజువు చెయ్యాలె గాని!

వకీలు: లెక్క పుస్తకం ఎవని చేతుల ఉంటదో వాడే చూపియ్యాలన్నరు. అండ్ల అన్యాయమేమున్నది? ఆయన మాత్రం నీ దగ్గర పనిచేసినట్టు చూపెట్టాలె. పదకొండేండ్లల్ల అయిదేండ్లు ఫోన్‌పేల పంపినవ్, అవి చాలు. పొద్దుగాల ఆరింటికి నువ్వు పెట్టిన వాట్సాప్ మెసేజీలున్నయి, 'లారీ వచ్చింది, గోదాము తెరువు' అని. తీరుగ సర్టిఫికెట్ జతచేస్తె అవి గూడ సాక్ష్యమే.

దుకాణదారు: నాకు పైసలెక్కడియో గూడ అడుగు. యూరియా బస్తా కాడికెళ్లి పత్తి మందు దాక రైతు ఉద్దరకే తీస్కపోతడు. వడ్లమ్మినంక ఇస్తనంటడు. వడ్లు కాంటా అయితయి, సర్కారు పైసలు ఖాతాల పడేదాక నేను ఎదురుచూడాలె. వాన పడకపోతె వచ్చే పంటకంటడు. రైతును కాలరు పట్టి అడుగుమంటవా? నా చేతికే రాని పైస నేను నెలనెలా ఏడో తారీఖుకు ఎక్కడికెళ్లి తేవాలె?

వకీలు: కంపెనీకి ఎప్పుడు కడ్తవు?

దుకాణదారు: కంపెనీ ఊకుంటదా? డీడీ కట్టకపోతె సరుకు రాదు.

వకీలు: జీఎస్టీ?

దుకాణదారు: ఇరవయ్యో తారీఖు. దాటితె పద్దెనిమిది శాతం మిత్తి.

వకీలు: కరెంటు బిల్లు, షట్టరు కిరాయి, బ్యాంకు కిస్తు అన్ని టైముకే పోతున్నయ్. రైతు ఉద్దర బరువు మొత్తం ఎవరి మీద పడ్డది బావా? కంపెనీ మీద పడలే, బ్యాంకు మీద పడలే. పన్నెండు వేల జీతగాడి మీద పడ్డది. నీ దుకాణానికి మిత్తి లేకుండ పెట్టుబడి పెట్టింది ఆయన. నెల జీతం వచ్చే నెల ఏడో తారీఖు దాటొద్దని కోడ్ 17వ సెక్షన్ చెప్తది. పాత చట్టంల గూడ చిన్న సంస్థలకు అదే ఏడో తారీఖు ఉండేది, అది 1936 నాటి చట్టం, తెల్లదొరల కాలంది. మనిషిని తీసేసినా, ఆయనే మానుకున్నా రెండు పనిదినాలల్ల లెక్క తేల్చి ఇయ్యాలె. మానుకున్నోళ్లకు గూడ ఈ రెండు రోజుల గడువు కొత్త కోడ్ తోటే వచ్చింది.

దుకాణదారు: కొత్త కోడ్ కొత్త కోడ్ అంటున్నవ్. మీ ఎర్రజెండాలోళ్లే గదా ఈ కోడ్‌లు సేట్ల కోసం చేసినయని సమ్మెలు చేసింది?

వకీలు: చేసిర్రు, వాళ్ల మాటల నిజం గూడ ఉన్నది. మూడు వందల కంటె తక్కువ మంది ఉన్న ఫ్యాక్టరీ ఇప్పుడు సర్కారు అనుమతి లేకుండనే మనుషులను తీసెయ్యొచ్చు. ముందు వంద మంది ఉంటెనే అనుమతి కావాల్సి ఉండె. ఇన్‌స్పెక్టర్ పేరుకు ఫెసిలిటేటర్ అని తోక తగిలించిర్రు. తప్పు దొరికితె కేసు పెట్టేముందు సరిదిద్దుకొమ్మని నీకు గడువియ్యాలె. ఇవన్ని యజమానులకు వడ్డించినయే. జీతం బాకీల సంగతిల మాత్రం పనోనికి మేలు జరిగింది. కనీస వేతనాల కేసుకు పాత చట్టంల ఆరు నెలలే గడువు, ఇప్పుడు మూడేండ్లు. బాకీకి తోడు దానికి పదింతల దాక పరిహారం వేసే అధికారం అధికారికి ఉన్నది.

దుకాణదారు: పదింతలా!

వకీలు: 'దాక' అన్న. భయపడకు, అంత వేసేటోడు అరుదు.

దుకాణదారు: కనీస వేతనమంటివి. సర్కారు ముందు తాను ఇయ్యనీ. పంచాయతీ సఫాయోళ్లకు నెలల తరబడి జీతాలు రావు. ఔట్‌సోర్సింగోళ్లు ఎండల టెంటేసుకొని కూసుంటరు. వాళ్ల మీదికి పో నీ సెక్షన్లు పట్టుకొని.

వకీలు: ఇండ్ల నీ తోటి కొట్లాట లేదు. ఇంకొకటి చెప్త, నీకు పనికొస్తది. 2021 జూన్‌ల అయిదు రంగాలకు కొత్త కనీస వేతనాలని తెలంగాణ సర్కారు జీవోలు తీసింది. గెజిట్ల అచ్చేయలే. గెజిట్ల రాకపోతె అవి అమలుకు రావు. రెండేండ్లకు పంచాది హైకోర్టు దాక పోయింది. అచ్చు కాని కాయితం వల్ల ఎంతమంది చేతికి రావాల్సిన కూలి రాలేదో లెక్క తీసినోడు లేడు.

దుకాణదారు: మరి! పెద్ద సేటు సర్కారే.

వకీలు: పెద్ద సేటు చేసిండని చిన్న సేటు చెయ్యొద్దు. సరే, ఇప్పుడు నీకు నచ్చని మాట ఒకటంట. ఆయన జాతరకు పోయేముందు, దీపావళి అప్పుడు, వరంగల్ల ఇంకో దుకాణంల పదిహేను వేలకు నౌకరి దొరికిందని నీకు చెప్పిండట. అప్పుడు నువ్వేమన్నవ్?

దుకాణదారు: ఏమన్న... బాకీ తీరేదాక ఎట్ల పోతవ్ అన్న. అనొద్దా? ముప్పై అయిదు వేలు పట్టుకొని పోతె ఎవరిని అడగాలె నేను?

వకీలు: ఆ మాట వకీలు ముంగట ఎప్పుడూ అనకు. అప్పు తీరేదాక ఇంకో దగ్గర పనికి పోనియ్యకుండ పట్టి ఉంచుడు 1976 నాటి వెట్టి నిర్మూలన చట్టం కిందికి వస్తది. అప్పు వసూలుకు సివిల్ కోర్టున్నది, నోటు రాయించుకోవచ్చు. మనిషిని తాకట్టు పెట్టుకోవద్దు.

దుకాణదారు: వెట్టి! ఇగ నన్ను విసునూరు దేశ్‌ముఖ్‌ను చెయ్యి. మా తాత గడి ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచినోడు. దొర మీద తిరగబడ్డ ఐలమ్మ పుట్టిన కిష్టాపురం ఈడికెళ్లి ఎంత దూరం? రాయపర్తి మండలమే గదా. ఆమె పేరు చెప్పుకొని పెరిగినోణ్ణి నేను. నా దుకాణంల పన్నెండు వేలకు పనిచేసినోడు వెట్టోడా?

(కోపం రావడం సహజం. పాలకుర్తి, విసునూరు, కడవెండి ఊళ్లన్నీ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. దొరల మీద సాగిన పోరాటంలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగింది కడవెండిలోనే. ఈ నేల మీద వెట్టి అన్న మాట తిట్టు కంటే బరువైనది. వకీలు ఆ మాట అనకుండా ఉండాల్సిందని నాకు మొదట అనిపించింది. తర్వాత ఆయన చెప్పింది విన్నాక ఆ అభిప్రాయం కొంత సడలింది.)

వకీలు: నిన్ను దొరనంటలేను బావా. దొర కొరడాతోటి చేయించుకున్నడు. 1982ల ఢిల్లీల ఆసియా క్రీడలకు స్టేడియాలు కట్టేటప్పుడు కూలోళ్లకు కనీస కూలి పడుతలేదని కేసయింది. జస్టిస్ భగవతి తీర్పు రాసిండు. కొరడా లేకపోయినా, ఆకలికి వేరే దారి లేక కనీస కూలి కంటె తక్కువకు పనిచేస్తె అది గూడ బలవంతపు చాకిరే, రాజ్యాంగం 23వ అధికరణం ఒప్పుకోదన్నడు. నీ దుకాణంల కనీస వేతనం పడుతున్నదో లేదో నాకు తెల్వదు. కరువు భత్యం ఆరు నెలలకోసారి మారుతది, ఏప్రిల్‌ల ఒకసారి, అక్టోబర్‌ల ఒకసారి. నీకు తెలుసా?

దుకాణదారు: తెల్వదు. ఎవరూ చెప్పలే.

వకీలు: 2025-26ల ఉపాధి పనికి పోతె రోజుకు 307 రూపాయల లెక్క. నీ పన్నెండు వేలు ముప్పై రోజులకు పంచితె నాలుగు వందలు. పొద్దుగాల ఎనిమిదింటికి షట్టరు తీసి రాత్రి తొమ్మిదింటికి దించే మనిషికి, ఆకు చూసి తెగులు చెప్పే మనిషికి.

దుకాణదారు: పది గంటలు పెట్టుకోవచ్చని పోయిన ఏడు సర్కారు చెప్పింది గదా.

వకీలు: 2025 జూలైల వచ్చిన ఆ ఉత్తర్వు కమర్షియల్ ఎస్టాబ్లిష్‌మెంట్లకు, దుకాణాలకు కాదు. వాళ్లకు గూడ వారానికి 48 గంటలు దాటొద్దు. దాటితె డబల్ కూలి. నువ్వు సీజన్ల పదమూడు గంటలు చేయిస్తున్నవ్. ఆ లెక్క తీస్తె నీ అప్పు ఎప్పుడో తీరేది. తియ్యమంటవా?

దుకాణదారు: వద్దు. ఛాయి తాగు, చల్లారుతున్నది.

వకీలు: ఇంకో మాట. నాది చిన్న దుకాణం అంటివి. నీ చిన్నతనాన్ని చట్టం ఎప్పుడో లెక్కల వేసింది. ఇరవై మంది ఉంటెనే పీఎఫ్, పది మంది ఉంటెనే ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ. నీకు అవేవీ లేవు. మా పిలగాడు రేపు గోదాముల బస్తాల కింద పడి కాలిరిగితె ఈఎస్‌ఐ దవాఖాన లేదు. అరవై ఏండ్లొస్తె పింఛన్ లేదు. నలుగురున్న దుకాణానికి చట్టం పెట్టిన కొద్ది బరువులల్ల రెండు: టైముకు జీతం, తీసేస్తె చిన్న పరిహారం. ఆ రెంటి కాడనే నువ్వు పంచాది పెడుతున్నవ్.

దుకాణదారు: ...మా బిడ్డ సంగతి నీకెరికే గదా.

వకీలు: బడి సంగతా?

దుకాణదారు: ఎంఎస్సీ బీఈడీ. ఆరేండ్లాయె ఆ స్కూల్ల చెప్పబట్టి. పది నెలలకే జీతమిస్తరు. ఏప్రిల్, మే వచ్చిందంటె బడి లేదు, జీతం లేదు. జూన్‌ల మళ్ల కొత్తగ చేరినట్టు. మానుకుంటనంటె ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తలేరు. ముప్పై సెక్షన్లు తెలిసినోనివి, దానికేమైన ఉన్నదా? ఇది వేరే ముచ్చట, నా దాంతోటి కలపకు.

వకీలు: కలపను. టీచర్ల కథ మస్తు పొడుగు. 1994 జనవరి 1న ఉమ్మడి సర్కారు ఇచ్చిన జీవో నంబర్ 1 ప్రకారం ఫీజులల్ల సగం జీతాలకే పెట్టాలె, ఇంకో పదిహేను శాతం పీఎఫ్, గ్రాట్యుటీ లాంటి వాటికి. యాజమాన్యానికి అయిదు శాతం. ఆ స్కూలు లెక్కలు ఎవరన్న చూసిర్రా? గ్రాట్యుటీ సంగతైతె నవ్వొస్తది. 2004ల సుప్రీంకోర్టు, చదువు చెప్పుడు నైపుణ్యమున్న పని కిందికీ రాదు, గుమస్తా పని కిందికీ రాదు, కాబట్టి చట్టం ప్రకారం టీచరు ఉద్యోగి కాదన్నది. పార్లమెంటు 2009ల చట్టం మార్చి, 1997 ఏప్రిల్ 3 కాడికెళ్లి వర్తిస్తదని రాసింది. ప్రైవేటు స్కూళ్లు దాని మీద గూడ కోర్టుకు పోయినయ్. 2022 ఆగస్టుల సుప్రీంకోర్టు టీచర్ల పక్షాన తేల్చింది. అయిదేండ్లు దాటింది గాబట్టి ఆమెకు గ్రాట్యుటీ వస్తది. ఎండకాలం సెలవులల్ల నౌకరి తెగిందని స్కూలోళ్లు వాదిస్తరు, కొట్లాడాలె. సర్టిఫికెట్లు పట్టుకునే హక్కు ఎవరికీ లేదు. వాటికి ముందు రిజిస్టర్ పోస్టుల ఒక ఉత్తరం రాయమను.

దుకాణదారు: రాస్తె మళ్ల తీసేస్తరని భయపడుతున్నది.

వకీలు: మా పిలగాడు గూడ అంతే భయపడ్డడు.

దుకాణదారు: కలపనంటివి గదా!

వకీలు: నోరు జారింది.

దుకాణదారు: నువ్వన్నీ మంచిగనే చెప్తవు. ఒక్కటి చెప్పు. మా పిలగాడు కేసు వేస్తె ఎన్ని రోజులకు తేలుతది?

వకీలు: మూడు నెలలల్ల తేల్చే ప్రయత్నం చెయ్యాలె అని కోడ్‌ల రాసి ఉన్నది.

దుకాణదారు: ప్రయత్నం! హహ్హ. వాయిదాకొక్కసారి వరంగల్ పోవాలె, ఆ రోజు కైకిలి పోవాలె, బస్సు కిరాయి, ఛాయి, జిరాక్సు. అటెనుక నీ ఫీజు. ఆయన చేతికి వచ్చేటిదెంత? అదే నా దగ్గరికి వచ్చి కూసుంటె ఇద్దరం మాట్లాడుకుందుము. పెద్దమనుషులను పిలుద్దుము.

వకీలు: వాయిదాల సంగతి నువ్వు చెప్పింది అబద్ధం కాదు. లేబర్ ఆఫీసుల మనుషులు తక్కువ, ఫైళ్లు ఎక్కువ. ఫీజు సంగతి తప్పు. వేతనాల అధికారి ముంగటికి పోవడానికి వకీలు అక్కెరలేదు, ఆయనే దరఖాస్తు పెట్టుకోవచ్చు, యూనియన్ల ఉంటె యూనియన్ పెట్టొచ్చు. వకీలు కావాలంటె న్యాయసేవాధికార సంస్థ పైసా లేకుండ ఇస్తది. ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు, కార్మికులకు ఆదాయం గూడ చూడరు. 15100కు ఫోన్ చేస్తె చాలు.

దుకాణదారు: నీ దుకాణం నువ్వే బంద్ పెట్టుకుంటున్నవ్.

వకీలు: పెద్దమనుషుల ముచ్చటకు గూడ నేను వద్దనను. ఇంతకుముందు పెద్దమనుషులు ఏం చేసిర్రో తెలుసు గదా, సేటు ఛాయి తాగి సేటు మాట చెప్తరు. కూసునేముందు లెక్క కాయితం మీద పెట్టు. ఎన్నేండ్లు చేసిండు, ఎంత జీతం, ఎప్పుడెంత ఇచ్చినవ్, అప్పెంత, తీరిందెంత. రెండు దిక్కుల దస్కతులు పడాలె. దాని మీద మాట్లాడుకుందాం.

దుకాణదారు: రెండు నెలల జీతం ఇస్త. అండ్ల సగం అప్పు కింద పట్టుకుంట, చట్టం ఒప్పుకుంటదని నువ్వే అన్నవ్. మందు డబ్బాలు ఇడిసిపెడ్త. అరవై ఆరు వేలు మాత్రం ఇయ్య. నేను తీసెయ్యలే, ఆయనే పోయిండు.

వకీలు: నెల జీతం, పదకొండేండ్ల పరిహారం లేకుండ ఆయన ఒప్పుకోడు. నేను ఒప్పుకోనియ్య.

దుకాణదారు: ఐతె నోటీసు రాసుకో.

వకీలు: రాస్త బావా. సోమవారం పంపుత. ఆదివారం అక్కను తీసుకొని ఇంటికి రా, మీ బిడ్డ ఉత్తరం గూడ అప్పుడే రాద్దాం.

సంవాదం ఇక్కడ తెగింది, రాజీ కుదరలేదు. నన్నడిగితే జీతం, పరిహారం విషయంలో దుకాణదారు ఓడిపోయాడు. కోపంలో అన్న ఒక్క మాట పదకొండేళ్ల నౌకరిని రద్దు చేయలేదు. రైతు ఉద్దర కష్టం నిజమే, కానీ దాన్ని గుమస్తా ఇంటి బియ్యపు డబ్బాలోంచి తీర్చుకోమని ఏ ధర్మమూ చెప్పదు. వాయిదాల విషయంలో మాత్రం ఆయన ఎత్తిపొడుపు సరిగ్గా తగిలింది. లక్ష రూపాయల తగాదా కోసం నాలుగు వందల రోజుకూలి మనిషి వర్ధన్నపేట నుంచి వరంగల్‌కు పదిసార్లు తిరగాల్సి వస్తే, మూడేళ్ల గడువూ పదింతల పరిహారమూ పుస్తకంలోనే ఉంటాయి. మండలానికి వారంలో ఒక్కరోజైనా లేబర్ అధికారి వచ్చి కూర్చుని దరఖాస్తులు తీసుకోవాలి. సర్కారును అడగాల్సింది ముందు అదే.

ఈలోగా ఇది చదివే గుమస్తాలు, సేల్స్‌మెన్లు, ప్రైవేటు టీచర్లు ఒక పని చేయండి. జీతం చేతికి నగదుగా వద్దని, ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయమని అడగండి. అడ్వాన్సు తీసుకున్న రోజూ, తీర్చిన రోజూ యజమాని చిట్టా పుస్తకంలోని ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. తీసేసినా, మీరే మానుకున్నా మూడో రోజున లెక్క అడుగుతూ ఒక మెసేజి పెట్టండి. ఏడాదులు పోగొట్టుకోకండి.

దుకాణదారులూ, మీరు కూడా ఒక రిజిస్టరు కొనండి. స్టాకు రిజిస్టరు పక్కనే దానికి చోటుంటుంది.